థ పొట్టలో చుక్క ఎటు పోయింది? మూడు నిబ్బులతో ఒక ప్రయోగం

ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవానికి మన క్లబ్బు పెట్టిన గోడపత్రిక చూసే ఉంటారు. ఆ డ్రాయింగ్ షీట్ల మీద ఉన్న చేతిరాత నాది. "ప్రింట్ తీసి అతికిస్తే అది గోడపత్రిక ఎలా అవుతుంది, చేత్తో రాద్దాం" అని మీటింగులో గొప్పగా అన్నది కూడా నేనే. అన్నవాడి మీదే పని పడుతుందని అప్పటికి నాకు తెలీదు.

ఒక జూనియర్ అమ్మాయి పన్నెండు లైన్ల కవిత ఇచ్చింది. తను రాసిన మొదటి కవిత అట. చివర్లో, నువ్వు చెప్పకుండా వదిలేసిన దాంట్లోనే అర్థం ఉంది, అని ముగుస్తుంది. గోడ దగ్గర ఒక సార్ ఆగి దాన్ని పైకి చదివారు. "చెప్పనిదాంట్లో అర్ధం ఉంది, అంటే సగం అక్కడే ఉండిపోయిందని! భలే రాశావమ్మా" అన్నారు. ఆ అమ్మాయి "థాంక్యూ సర్" అంది. ఆయన వెళ్లాక నా దగ్గరకొచ్చి, "అన్నా, నేను సగం అని రాయలేదు" అంది. కోపంగా కాదు, మెల్లిగా. కోప్పడినా బావుండేది.

నేను వెళ్లి దగ్గరగా చూశాను. నేను రాసింది అర్థమే. చుక్క పెట్టిన సంగతి నా చేతికి గుర్తుంది. కానీ షీటు మీద చుక్క లేదు. ర కింద ఉన్న వత్తు మొత్తం నల్లగా నిండిపోయి, ఒక చిన్న ఉండలాగా ఉంది. థ వత్తా, ధ వత్తా అంటే ఎవరైనా ధ అనే అంటారు. ఆయన తప్పేమీ లేదు. (అసలు మనలో చాలామంది 'అర్థం' రాయాల్సిన చోట కూడా 'అర్ధం' అనే టైప్ చేస్తాం. అది వేరే కథ. ఈ అమ్మాయి మాత్రం కరెక్టుగా రాసింది, చెడగొట్టింది నేను.)

ఆ రోజు నేను వాడింది ప్లాటినం ప్రెప్పీ అనే ఫౌంటెన్ పెన్ను. జపాన్ కంపెనీది. మొత్తం ప్లాస్టిక్, స్టీలు నిబ్బు. ఫౌంటెన్ పెన్నుల లోకంలో ఇది బాగా చవక రకం కింద లెక్క. దీంట్లో మూడు సైజుల నిబ్బులు దొరుకుతాయి: 02, 03, 05. అంటే ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం. ఆ అంకెల్ని 0.2, 0.3, 0.5 మి.మీ. అని చదువుకోవచ్చు. నా దగ్గర ఉన్నది 05. ఆ సంఘటన తర్వాత మిగతా రెండూ కూడా కొన్నాను. రెండు వారాలు క్యాంటీన్‌లో సమోసా మానేశాను, అంతకంటే పెద్ద త్యాగమేమీ కాదు. మూడింట్లోనూ అదే కంపెనీ నల్ల కార్ట్రిడ్జ్ పెట్టాను. ఒక్క నిబ్బు తప్ప ఇంకేదీ మారకూడదు కదా, లేకపోతే ప్రయోగం చెల్లదు.

ముందుగా ఒక డౌటు. స్కూల్ నుంచీ 0.5 జెల్ పెన్నులు వాడుతూనే ఉన్నాం, వాటితో థ ఎప్పుడూ పూడిపోలేదు. మరి 0.5 ఫౌంటెన్ పెన్నుతో ఎందుకు పూడింది? ఇక్కడే నేను మోసపోయాను. జెల్ పెన్ను మీద రాసి ఉండే 0.5 అనేది గీత వెడల్పు కాదు, కొసలో తిరిగే గోళీ వ్యాసం. గోళీ మొత్తం కాగితానికి తగలదు, కింది కొంచెం భాగమే తగులుతుంది. అందుకని గీత గోళీ కంటే సన్నగా పడుతుంది. ఫౌంటెన్ పెన్నులో ఆ అంకె గీతకే సంబంధించినది. పైగా ఇంకు నీళ్లలా పల్చన కాబట్టి కాగితం మీద ఇంకాస్త వ్యాపిస్తుంది కూడా. ఒకే అంకె, రెండు యూనిట్లు. ప్రోగ్రామ్‌లో ఇలాంటి తప్పు చేస్తే కంపైలర్ కూడా పట్టుకోదు.

నిబ్బు ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం, ఇది తెలిస్తే మిగతావన్నీ సులువు. నిబ్బును తెలుగులో పాళీ అంటారు. మా అమ్మమ్మ చెప్పేవరకు నాకు ఆ మాట తెలీదు. పాళీ మధ్యలో నిలువుగా ఒక చీలిక ఉంటుంది. ఆ సన్నటి సందులోకి ఇంకు దానంతట అదే పాకుతుంది. దీపం వత్తి నూనెను పైకి లాక్కున్నట్టే, ఫిజిక్స్‌లో చదివిన కేశనాళికీయత ఇదే. పాళీ కింద నల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని ఫీడ్ అంటారు. దాని పని రెండు వైపులా: ఇంకును కిందికి వదలాలి, బయటికి పోయిన ఇంకు చోటులోకి గాలిని లోపలికి పంపాలి. గాలి వెళ్లకపోతే ఇంకు రాదు. ప్రెప్పీ బాడీ పారదర్శకం కాబట్టి ఫీడ్ పొరల మధ్య ఇంకు నిలబడి ఉండటం బయటికే కనిపిస్తుంది. బోరు కొట్టే క్లాసుల్లో నేను అదే చూస్తుంటా. దీని కార్ట్రిడ్జ్‌లో ఒక చిన్న స్టీలు గుండు కూడా ఉంటుంది, ఊపితే గలగలమంటుంది. ఇంకు ఒక మూల అంటుకుపోకుండా కిందికి దిగడానికి అది పనికొస్తుంది.

పాళీ కొసన గట్టి లోహం బొట్టు ఒకటి అతికించి ఉంటుంది. స్టీలు కాగితం మీద రాసుకుని త్వరగా అరిగిపోతుంది కాబట్టి అంతకంటే గట్టి మిశ్రలోహం పెడతారు. ఆ బొట్టును ఎంత సైజుకి అరగదీశారన్నదే నిబ్బు సైజు. అంటే 02కీ 05కీ అసలు తేడా అంతా సూదిమొనంత చోట్లోనే ఉంది. కానీ రాత మొత్తం మారిపోతుంది.

ఇక ప్రయోగం. ఇంగ్లీషులో ఫాంట్ టెస్ట్ చేయడానికి అన్ని అక్షరాలూ వచ్చే ఒక వాక్యం ఉంటుంది, నక్క కుక్క మీంచి దూకేది. తెలుగుకి నాకు కావాల్సింది అన్ని అక్షరాలూ కాదు, ఇబ్బంది పెట్టే అక్షరాలు. అందుకని ఇలా ఒకటి కట్టుకున్నా: "రాష్ట్ర పాఠశాల విద్యార్థులు కథలో అర్థం వెతికితే అర్ధం దొరికింది." కవిత్వం కాదు, తెలుసు. కానీ దీంట్లో అన్ని ఉచ్చులూ ఉన్నాయి. రాష్ట్రలో ష కింద రెండు వత్తులు. ష అంటేనే ప లోపల ఒక చిన్న గీత, అది కలిసిపోతే ప అయిపోతుంది. ఠ పొట్టలో చుక్క పోతే ర అవుతుంది, పాఠం కాస్తా పారం. థ పొట్టలో చుక్క పోతే ధ. విద్యార్థిలో, అర్థంలో ఆ థ పూర్తి అక్షరం కూడా కాదు, వత్తు. కాబట్టి చుక్కకి చోటు ఇంకా తక్కువ.

ఈ వాక్యాన్ని మూడు పెన్నులతో, మూడు కాగితాల మీద రాశాను: జిరాక్స్ ఏ4 కాగితం, మామూలు లాంగ్ నోట్‌బుక్, గోడపత్రికలో మిగిలిన డ్రాయింగ్ షీటు ముక్క.

05తో రాస్తుంటే చేతికి చాలా హాయిగా ఉంటుంది. ఇది ముందే ఒప్పుకోవాలి. బొట్టు పెద్దది, కాగితానికి తగిలే చోటు ఎక్కువ, ఇంకు ధారాళంగా వస్తుంది. మూడింట్లో దీనిదే జారుడు. ఇంగ్లీషు రాస్తే అందంగా కూడా ఉంటుంది, గీత నిండుగా. నా పేరు ఇంగ్లీషులో సంతకం పెట్టి నేనే మురిసిపోయాను. అదే నోట్‌బుక్‌లో, అదే గీతల మధ్య టెస్ట్ వాక్యం రాస్తే ఠ బతికింది, కథలో థ కూడా బతికింది, విద్యార్థి దగ్గర చుక్క వత్తు గోడకి అతుక్కుంది, అర్థం దగ్గర మాయమైంది. డ్రాయింగ్ షీటు మీద ఠ కూడా పోయింది.

ఎందుకో లెక్క వేసి చూశాను. నా నోట్‌బుక్‌లో గీతకీ గీతకీ మధ్య దాదాపు 8 మి.మీ. ఇంగ్లీషు అక్షరం ఆ చోటు మొత్తం వాడుకుంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడి కావాలి, కింద వత్తు కావాలి, అందుకని అసలు అక్షరానికి 3 మి.మీ. మిగిలితే గొప్ప. వత్తు అంతకన్నా చిన్నది. నా రాతలో థ వత్తు పొట్ట ఎత్తు సుమారు 1.5 మి.మీ. వచ్చింది. (పెన్ను కొస తిరిగిన దారి మధ్య నుంచి మధ్యకి కొలిస్తే.) పై గీత లోపలి వైపు సగం వెడల్పు తింటుంది, కింది గీత సగం తింటుంది, మధ్యలో చుక్క ఒక పూర్తి వెడల్పు తింటుంది. అంటే చుక్కకి అటూ ఇటూ కలిపి మిగిలే తెలుపు, 1.5 లోంచి గీత వెడల్పు రెండుసార్లు తీసేస్తే వచ్చేది. దాంట్లో సగం ఒక్కో వైపు.

గీత సరిగ్గా 0.5 పడితే ఒక్కో వైపు 0.25 మి.మీ. తెలుపు మిగులుతుంది. కష్టమే గానీ కనిపిస్తుంది. కానీ ఇంకు అంచుల దగ్గర 0.1 చొప్పున పాకిందనుకోండి, గీత 0.7 అవుతుంది. అప్పుడు మిగిలేది 0.05. కంటికి అది లేనట్టే. 03తో అయితే అదే పాకుడు ఉన్నా గీత 0.5 దగ్గర ఆగుతుంది, 0.25 తెలుపు దక్కుతుంది. 02తో 0.4 పడితే 0.35. చూశారా, పెన్ను మీద అంకెల్లో తేడా 0.2 మాత్రమే, చుక్క దగ్గరకొచ్చేసరికి అది ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా. తక్కువ రిజల్యూషన్ ఫొటోని పెద్దది చేసి చూస్తే మొహాలు గుర్తుపట్టలేమే, ఇదీ అంతే. బ్రష్ సైజు కంటే చిన్న వివరాన్ని ఏ బ్రష్షూ గీయలేదు.

లెక్కలో ఇంకు పాకడం అని తేలిగ్గా అనేశాను గానీ, నన్ను ముంచింది ఎక్కువ అదే. డ్రాయింగ్ షీటు మందంగా ఉంటుంది కదా, ఇంకు పాకదు అనుకున్నాను. జీఎస్ఎం ఎక్కువ ఉంటే మంచి కాగితం అని షాపులో కూడా చెప్తారు. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందని మాత్రమే. ఇంకును ఎంత పీల్చుకుంటుందనేది వేరే సంగతి. కాగితం తయారీలో పిండి పదార్థంలాంటివి కలిపి పీచుల మధ్య సందుల్ని కప్పుతారు, సైజింగ్ అంటారు. అది బాగా ఉంటే ఇంకు పైనే నిలబడి ఆరుతుంది. లేకపోతే పీచుల వెంట అన్ని వైపులా పాకి, గీత అంచులకి వేర్లు మొలిచినట్టు అవుతుంది. నా డ్రాయింగ్ షీటు బ్లాటింగ్ పేపర్‌కి చుట్టంలాగా ఉంది. మందం వల్ల వెనక్కి దిగలేదు, అంతే. జిరాక్స్ కాగితం దానికంటే పల్చన, అయినా దాని మీదే అంచులు శుభ్రంగా వచ్చాయి. కాబట్టి పెన్ను కొనేముందు మీరు రాసే కాగితం మీద ఒక్క థ రాసి చూడండి, షాపువాడు ఇచ్చే నున్నటి ప్యాడ్ మీద కాదు.

02 గురించి. అన్ని కాగితాల మీదా చుక్క బతికింది, రాష్ట్రలో రెండు వత్తులూ విడివిడిగా కనిపించాయి. అయితే దీన్నే కొనండి అని చెప్పలేను. కొస సన్నం కాబట్టి అదే బరువు తక్కువ చోటు మీద పడుతుంది, కాగితం పీచుల్ని గీకుతున్నట్టు ఉంటుంది. కిందికి లాగే గీతల్లో పర్వాలేదు, పైకి తోసే గీతల్లో తెలుస్తుంది. మన తలకట్టు ఏంటి? కిందికి దిగి, కుడివైపు పైకి ఎగిసే గీత. వాక్యంలో ప్రతి రెండో అక్షరానికీ అదొకటి. 02తో ఒక పేజీ రాస్తే తలకట్టు పెట్టిన ప్రతిసారీ చిన్నగా కర్రుమని చప్పుడు. హాస్టల్ రూమ్మేట్ "ఎలుక దూరిందేమో చూడరా" అన్నాడు. నోట్‌బుక్‌లో ఒకచోట పీచు చీలికలో ఇరుక్కుని గీత హఠాత్తుగా లావైంది కూడా. పేజీని కొద్దిగా ఎడమకి తిప్పి, పెన్నును ఇంకాస్త వాల్చి పట్టుకుంటే ఆ గీకుడు చాలావరకు తగ్గింది.

ఒత్తి రాసే అలవాటుంటే మాత్రం ఏ సైజు కొన్నా దండగే. మనమంతా బాల్ పెన్నుతో పెరిగాం. దాని ఇంకు చిక్కటి జిగురులా ఉంటుంది, గోళీ తిరగాలంటే నొక్కాలి. ఫౌంటెన్ పెన్నుని అలా నొక్కితే చీలిక విచ్చుకుని ఇంకు ఎక్కువ దిగుతుంది. నేను ఎగ్జామ్ స్పీడులో 03తో రాసి చూస్తే దాదాపు 05 గీతే వచ్చింది. అంటే డబ్బులిచ్చి సన్న నిబ్బు కొని, చేత్తో దాన్ని మీడియం చేసుకున్నాను. పెన్ను బరువు తప్ప ఇంకేమీ వేయకుండా రాయడం నాకు పది రోజులు పట్టింది. మొదట్లో అక్షరాలు వణికాయి, ఒకటో తరగతిలో లాగా.

జపాన్ నిబ్బులు యూరప్ నిబ్బుల కంటే సన్నగా ఉంటాయి. అక్కడి ఫైన్ దాదాపు ఇక్కడి మీడియం. కంజి అక్షరాల్లో ఒక్క గడిలో పది పదిహేను గీతలు ఇరికించాలి కాబట్టి వాళ్లకి సన్న కొస అవసరం అయ్యింది. ఎఫ్, ఎం అనే అక్షరాలకి అన్ని కంపెనీలకీ ఒకే కొలత అంటూ లేదు. అందుకని ఒక కంపెనీ ఫైన్ బావుందని ఇంకో కంపెనీ ఫైన్ కళ్లుమూసుకుని కొనకండి. మన లిపికి గీతలు తక్కువే గానీ, పొట్టలూ చుక్కలూ ఎక్కువ. ఈ విషయంలో ఇంగ్లీషు కంటే మనం జపాన్‌కే దగ్గర అని నా అభిప్రాయం.

మన దగ్గర కూడా పెన్నులు చేశారు. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఎబొనైట్‌తో చేతితో పెన్నులు చేయడం మొదలుపెట్టారు. గాంధీగారు ఆ పెన్ను వాడి, బావుందని 1935లో ఆయనకి ఉత్తరం రాశారు. రత్నం పెన్నులు డ్రాపర్‌తో బాడీలోనే ఇంకు నింపేవి. అలాంటి పెన్నులో ఇంకు సగానికి తగ్గాక ఒక చిక్కుంది: లోపల గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి అది వ్యాకోచించి ఇంకుని బయటికి నెడుతుంది. ప్రెప్పీని కూడా రబ్బరు రింగు, సిలికాన్ గ్రీజు పెట్టి ఇలా మార్చుకోవచ్చు. నేను 05ని మార్చాను. మే నెలలో, ఫ్యాను సరిగ్గా తిరగని రూములో. ల్యాబ్ రికార్డు మీద పావలా కాసంత మరక ఇంకా ఉంది.

మా అమ్మమ్మకి ఈ మూడు కాగితాలూ చూపించాను. 05తో రాసిన కాగితం మీద అర్థం చదవగలిగింది, నాకు ఆశ్చర్యం వేసింది. వాక్యాన్ని బట్టి ఊహించాను అంది. తర్వాత నా చేతిలోంచి అదే 05 తీసుకుని రాసి చూపించింది. ర కింద థ వత్తు పెట్టలేదు. థ పూర్తిగా పెద్దదిగా రాసి, దాని పక్కన ఒక చిన్న మెలిక పెట్టింది, దాన్ని వలపలగిలక అంటారట. ర్ అనే శబ్దానికి గుర్తు అది. పాత పుస్తకాల్లో ధర్మం, కర్మ అన్నీ అలాగే ఉంటాయి. ఇంగ్లీషు మీడియంలో చదివిన నేను వలపలగిలకని ఎప్పుడూ నేర్చుకోలేదు. అమ్మమ్మ రాతలో థ వత్తుగా కాకుండా అసలు లైను మీద కూర్చుంది, పొట్ట ఎత్తు 3 మి.మీ. పైనే. నా లెక్కలో 1.5 బదులు 3 పెట్టి చూడండి: గీత 0.7 పడ్డా ఒక్కో వైపు 0.8 మిగులుతుంది. లావు పాళీతో రాసినా చుక్క హాయిగా కూర్చుంది. తను చిన్నప్పుడు వాడిన పాళీలు దీనికంటే లావుగా ఉండేవి అంది.

గోడపత్రిక కోసం అయితే వలపలగిలక వాడలేం, మనవాళ్లు దాన్ని తొమ్మిది అంకె అనుకుంటారు. నేను స్థిరపడింది 03 దగ్గర. నోట్స్, రికార్డులు, ఉత్తరాలు అన్నింటికీ అదే. డ్రాయింగ్ షీట్లకి 02. ఇంగ్లీషు సంతకాలకి 05, వేడి లేని రూములో.

ఆ అమ్మాయి ఉగాది సంచికకి ఇంకో కవిత ఇచ్చింది. ఇస్తుందని నేను అనుకోలేదు. కాగితం అందిస్తూ "అన్నా, రాశాక గోడకి పెట్టేముందు నాకోసారి చూపిస్తావా" అంది. చూపిస్తానన్నాను. రూముకొచ్చి చదివితే, దాంట్లో 'వ్యర్థం' రెండుసార్లు, 'ప్రార్థన' ఒకసారి ఉన్నాయి. 02లో కొత్త కార్ట్రిడ్జ్ పెడుతున్నా.